రోడ్డు మీద గుంటలు

నా కుట్టుమిషను వీధి గుమ్మం వైపు తిరిగి ఉంటుంది. వెలుతురు బాగుంటుందని అలా పెట్టించుకున్నాను. వెలుతురుతో పాటు ఊరంతా లోపలికి వచ్చేస్తుందని అప్పుడు తట్టలేదు. ఎదురుగా జీడిపప్పు ఫ్యాక్టరీ గేటు, గేటు ముందు రోడ్డు, రోడ్డుకి ఇవతల మా అరుగు, అరుగు మీద పొద్దున్నించి సాయంత్రం దాకా గుంటలు.

గుంట అంటే మా శ్రీకాకుళం వైపు పిల్ల. మగపిల్లాడైతే గుంటడు, అందరూ కలిస్తే గుంటలు. “మీ గుంట ఏ క్లాసే?” అని అడిగితే అందులో మాకు ముద్దు తప్ప మరేమీ కనపడదు. గోదావరి దాకా వెళ్తే ఇదే మాట గొయ్యి అయిపోతుందని నాకు రాజమండ్రిలో తెలిసింది. అక్కడ కుట్టు ట్రైనింగులో ఉన్నప్పుడు ఓ రోజు మా అన్న కూతురికి జ్వరమని ఇంటి నుంచి ఫోనొస్తే, “మా గుంటకి జ్వరమట, నేను ఊరెళ్లాలి” అన్నాను. పక్క మిషను అమ్మాయి నా వైపు జాలిగా చూసింది. గోతికి జ్వరం రావడమేమిటో పాపం ఆమెకి అర్థం కాలేదు. ఆ రోజు ఇద్దరం తెగ నవ్వుకున్నాం.

మాది మందస వైపు ఒక పెద్ద పంచాయతీ. పేరు చెప్పను. చెబితే మా బావ ఫోన్ చేసి, “ఏటే, నన్ను పుస్తకంలోకి ఎక్కించీసినావట?” అని దెప్పుతాడు. ఆయన మా మేనత్త కొడుకు, ఊరికి సర్పంచి. మనిషి మంచివాడే, కాకపోతే మాట దొరికితే వదలడు. చావు ఇంట్లో కూడా ఎవరో ఒకరిని నవ్వించి గానీ బయటికి రాడు.

ఇక మా అరుగు సంగతి. ఇదివరకు ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీసే ఆడవాళ్లు తమ గుంటల్ని కూడా లోపలికే తీసుకెళ్లేవారు. రేకుల షెడ్డులో ఓ మూల గోనె పరిచి కూర్చోబెట్టేవారు. ఒకసారి ఓ గుంటడు జీడిపిక్కల తొక్కల గుట్టలో చేతులు పెట్టి, ఆ చేతుల్తోనే మొహం రుద్దుకున్నాడు. తొక్కలో ఉండే జీడి అంటితే చర్మం కాలిపోతుంది. వాడి మొహం బూరెలా పొంగి, కళ్లు మూసుకుపోయాయి. తగ్గింది కానీ, యజమాని హడలిపోయి మర్నాటి నుంచి గుంటల్ని గేటు దాటనివ్వలేదు. ఆయన్ని తప్పు పట్టలేను. నేనైనా అదే చేసేదాన్ని.

అంగన్‌వాడీ ఉంది, లేకపోలేదు. అది రైలు పట్టాలకి అవతల పాత ఊళ్లో ఉంది. మధ్యాహ్నం దాటితే తలుపులు వేసేస్తారు. ఫ్యాక్టరీలో పని సాయంత్రం దాకా. ఇంట్లో ముసలివాళ్లున్నవాళ్లకి ఫర్వాలేదు. లేనివాళ్ల గుంటలు నీడ ఎక్కడుందా అని చూసుకుని మా అరుగు ఎక్కారు. నన్ను ఎవరూ అడగలేదు. నేనూ దిగమనలేదు. అనలేదంటే నా నోరు మంచిదని కాదు. ముక్కు మీద కోపం నాకు. దారపుండ లాక్కుపోయారని, జాకెట్టు ముక్క మీద బురదకాళ్లు వేశారని రోజూ అరిచేదాన్ని. వాళ్లు భయపడితే గదా. నేను అరుస్తుంటే ఒక గుంట నాలాగే నడుం మీద చెయ్యేసుకుని అనుకరించేది.

అసలు భయం లారీలతో. పిక్కల బస్తాల లోడు వచ్చినప్పుడల్లా లారీ మా అరుగు దాకా వెనక్కి వచ్చి గేటులోకి తిరగాలి. ఆ హారను వినగానే చేతిలోని కత్తెరతోనే బయటికి ఉరికేదాన్ని. అందరూ అరుగు మీదున్నారో లేదో చూసుకున్నాక గానీ గుండె కుదుటపడేది కాదు. పెళ్లిళ్ల రోజుల్లో నా చేతినిండా పని. అప్పుడు కూడా ఒక చెవి రోడ్డు మీదే.

నన్ను అనుకరించే ఆ గుంట మా తోడికోడలి కూతురే. మా మరిది చెన్నైలో వెల్డింగు పని చేస్తాడు. మా తోడికోడలు ఇక్కడే ఉండి ఫ్యాక్టరీకి వెళ్తుంది. దాని గుంటకి అప్పటికి నాలుగేళ్లు నిండలేదు. తల్లి నన్ను అప్పా అంటుంది, అంటే అక్కా అని. ఇది పెద్దమ్మా అంటుంది. అనడమేమిటి, పెత్తనం చేస్తుంది.

వేసవి చివర్లో ఒక రోజు మా తోడికోడలు భోజనం వేళకి అరుగు మీద కూర్చుని, గుంటకి అన్నం తినిపిస్తూ అంది:

“వానలొచ్చెత్తే ఈ అరుగంతా జల్లు కొడతాదప్పా. అప్పుడీ గుంటలు ఎక్కడుంటారు? ఆలోపు చోటు దొరక్కపోతే దీన్ని మా అమ్మ కాడికి పంపీత్తాను.”

దాని కన్నవారిది సోంపేట దాటాక సముద్రం ఒడ్డున ఊరు. వాళ్లమ్మ ఒక్కతే ఉంటుంది.

“గుంటని వదిలి నువ్వుండగలవేటి?” అన్నాను.

“ఉండలేను. మరేటి సెయ్యమంటావు, లారీ కింద ఎట్టమంటావా?”

కోపంగా అనలేదు. ముద్ద కలుపుతూ మామూలుగానే అంది. నాకు ఆ మామూలుతనమే బాధేసింది.

చోటు లేక కాదు. ఫ్యాక్టరీ గోడకి ఆనుకుని పాత పంచాయతీ గది ఉంది. కొత్త భవనం కట్టాక దానికి తాళం వేశారు. లోపల వినాయక చవితి పందిరి కర్రలు, పలకని మైకు సెట్టు, కాళ్లు విరిగిన కుర్చీలు. పైకప్పు ఒక పక్క కారుతుంది. బాగు చేయించి, ఓ ఆయాని పెడితే చాలు. తల్లులకి గోడ అవతలే గుంటలుంటారు. “గ్రామసభ వస్తోంది, అక్కడ అడుగు” అన్నాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు, పంచాయతీ ఏం పెడుతుంది?

ఆ యేడాది గ్రామసభ కొంచెం గట్టిగానే జరిగింది. ఊరికి ఏయే పనులు కావాలో జనం చెప్పాలి, అందులో మూడే ముందు చేయగలం, మిగతావి పై యేడాదికి అని ముందే చాటింపు వేయించారు. మూడే అనేసరికి ఎప్పుడూ రానివాళ్లు కూడా వచ్చారు. స్కూలు ఆవరణలో షామియానా, ముందు వరసల్లో మగవాళ్లు, వెనక మేము. మైకు ముందు వరసల్లోనే చేతులు మారుతూ ఉంటుంది. వెనక్కి రావాలంటే దానికి తీగ చాలదు. తీగ చాలకపోవడం నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను.

పంచాయతీ సెక్రటరీ కొత్తగా వచ్చిన కుర్రాడు. గుంటూరు అవతల నుంచి వచ్చాడట. ఎవరు లేచి మాట్లాడినా శ్రద్ధగా విని, తాను అర్థం చేసుకున్నది మళ్లీ పైకి చెప్పి, “ఇంతేనాండీ?” అని అడిగేవాడు. ఆ పద్ధతి నాకు నచ్చింది. వినేవాళ్లే తక్కువ, విన్నది తిరిగి చెప్పేవాళ్లు ఇంకా తక్కువ.

కాలవలు పొంగుతున్నాయన్నారు. వీధిలైట్లు వెలగట్లేదన్నారు. కోతుల్ని పట్టించమన్నారు. ఊరందరికీ మావ అయిన ఒక పెద్దాయన లేచి శ్మశానానికి దారి అడిగాడు. కిందటి వానాకాలంలో ఆయన భార్య పోయింది. దారి లేక మోకాలి లోతు బురదలో మోసుకెళ్లారు. ఒకచోట ఎవరికో కాలు జారి పాడె ఒరిగింది. అప్పటి నుంచి ఏ సభ జరిగినా ఆయనది ఒకటే మాట. ఆయన లేస్తే మా బావ కూడా హాస్యమాడడు.

తరవాత మా తోడికోడలు లేచింది. మైకు రాలేదు, గొంతు పెంచి చెప్పింది.

“బాబూ, మా జీడి ఫ్యాక్టరీ కాడ రోడ్డు సూడండి బాబూ. పొద్దల్లా రోడ్డు మీదే గుంటలు. లారీలొత్తంటే గుండాగిపోతంది. ఎప్పుడేటవుతాదో తెల్దు.”

సెక్రటరీ తలూపాడు. “ఫ్యాక్టరీ దగ్గర రోడ్డు మీద గుంటలు, లారీలతో ప్రమాదం. ఇంతేనామ్మా?”

“అదే బాబూ.”

“ఎన్ని ఉంటాయమ్మా గుంటలు?”

“ఏడెనిమిది ఉంతాయి.”

“ఎంతెంత ఉంటాయి?”

చిన్నపిల్లల్ని మా వైపు ‘ఉన్నాయి’ అనడం మామూలే. ఆ ప్రశ్న ఎందుకో దానికి అర్థం కాలేదు. అయినా అడిగినదానికి జవాబు చెప్పాలి గదా అని, చెయ్యి మోకాలి దగ్గర పెట్టి, “ఇదో, ఇంతున్నాయి” అంది. తరవాత నడుం దగ్గర పెట్టి, “ఇంతింతవీ ఉన్నాయి బాబూ” అంది.

ఆ అబ్బాయి నిర్ఘాంతపోయాడు. “నడుం లోతా! అయ్యయ్యో, ఇన్నాళ్లూ ఎలా ఊరుకున్నారమ్మా? మీరేం కంగారుపడకండి. వారం తిరక్కుండా అన్నిట్నీ పూడ్పించేస్తాను.”

షామియానా కింద లేచిన అలాంటి నవ్వు నేను జన్మలో వినలేదు. ముందు వరసలో ఎవరో కుర్చీలోంచి జారారు. మా బావకి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. తువ్వాలుతో తుడుచుకుంటూ, “ఒరే నాయినా, గుంటలంటే పిల్లలురా! పిల్లల్ని పూడ్సీత్తావేటి?” అన్నాడు. సెక్రటరీ మొహం కందగడ్డయింది. లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు. అది చూసి జనం ఇంకా నవ్వారు.

మా తోడికోడలు నవ్వలేదు. ‘పూడ్పించేస్తాను’ అన్న మాట చెవిన పడగానే కాళ్లకి ఆనుకుని నిల్చున్న గుంట తలని రెండు చేతుల్తో మూసేసింది. నిండు సభలో, పిల్లల మీద, ఆ మాట! తల్లి అన్నవాళ్లెవరికైనా అది నవ్వొచ్చే సంగతి కాదు. గుంటని భుజానేసుకుని షామియానా దాటి వెళ్లిపోయింది. ఇంటికెళ్లి ఉప్పూ ఎండుమిరపకాయలూ దిష్టి తీసి పొయ్యిలో వేసింది.

నవ్వులు సద్దుమణిగేసరికి ఎవరో కొబ్బరి తోటల సంగతి ఎత్తారు. గది మాట అనడానికి నేను లేచాను. “ఉండవే, నీ గుంటలు మాకు తెలుసు గానీ” అన్నాడు మా బావ, మళ్లీ నవ్వులు. చివరికి మూడు పనులు చదివారు. కాలవ, వీధిలైట్లు, శ్మశానం దారి. నవ్వు నాలుగు విధాల చేటని మా అమ్మ ఎందుకనేదో ఆ రోజు తెలిసింది. ఎవరూ కాదనలేదు, ఎవరూ ఎదురు చెప్పలేదు. నవ్వారు, అంతే. దానితోనే మా పని కొట్టుకుపోయింది.

ఇక ఊరికి అదే ఊసు. బస్సు దిగినవాళ్లకి చెప్పడం, టీ కొట్టు దగ్గర చెప్పుకోవడం, పలాస నుంచి వచ్చిన చుట్టాలకి అభినయించి చూపించడం. నడుం దగ్గర చెయ్యి పెట్టి “ఇంతింతవీ ఉన్నాయి బాబూ” అంటే చాలు. మా అరుగు మీది గుంటల్ని చూసి దారిన పోయేవాళ్లు ఆగి, “ఏటే గుంటా, నిన్నింకా పూడ్సనేదేటి?” అని బుగ్గ గిల్లి పోయేవారు. ముద్దుగానే అనేవారు, పాపం. పెద్ద గుంటలు ఎదురు తిరిగి వెక్కిరించేవారు. మా తోడికోడలి గుంట మాత్రం ఆ మాట వింటే నోరు మెదిపేది కాదు. నన్ను అనుకరించడం మానేసింది. నేను దాన్ని పట్టించుకోలేదు, వేసవి కదా, వేడి చేసిందేమో అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం పంచాయతీ పనివాళ్లు ఎప్పటిలా మా ఇంటి ముందు కాలవలో చెత్త తీయడానికి పారలతో వచ్చారు. పార నేలకి తగిలిన చప్పుడు వినగానే గుంట లోపలికి పరిగెత్తుకొచ్చి మిషను కింద దూరింది. నా కాలు పట్టుకుంది.

“పెద్దమ్మా, నన్ను పూడ్సొద్దని సెప్పే.”

మిషను ఆపేశాను. దాన్ని బయటికి లాగి ఒళ్లో కూర్చోబెట్టుకుని, అది కాలవ కోసమని, నిన్నెవరూ ముట్టుకోరని ఎంత చెప్పినా నా జాకెట్టు వదల్లేదు. బయటికొచ్చి, ఏమీ తెలియని ఆ పనివాళ్లని నోటికొచ్చినట్టు తిట్టాను. వాళ్లు పారలు దించి బిక్కమొహాలు వేశారు. ఎవరి మీద అరవాలో తెలియనప్పుడు నా కోపం అలాగే దొరికినవాళ్ల మీదికి పోతుంది.

మర్నాడు మా తోడికోడలు సెలవు పెట్టి, ఒక సంచిలో గుంట బట్టలు సర్దుకుని సోంపేట బస్సెక్కింది. సాయంత్రం ఒక్కతే తిరిగొచ్చింది. ఆ తరవాత భోజనం వేళకి మా అరుగు మీదికి రావడం మానేసింది. ఫ్యాక్టరీ లోపలే ఓ మూల కూర్చుని తినేస్తోందని ఎవరో చెప్పారు. పిలిస్తే, “ఆకలి నేదప్పా” అనేది.

కొన్నాళ్లకి సెక్రటరీ ప్యాంటు పట్టుకుని నా కొట్టుకి వచ్చాడు. కింద అంచు ఊడిందన్నాడు. చూస్తే కుట్టు గట్టిగానే ఉంది, చేత్తో లాగి తెంపుకొచ్చినట్టుంది. నాకు నవ్వొచ్చింది, కానీ నవ్వలేదు. ఏం చెప్పాలని వచ్చావో చెప్పన్నట్టు చూశాను.

“మా వైపు గుంట అంటే గొయ్యండీ,” అన్నాడు.

“తెలుసు. నీ తప్పు కాదు బాబూ. తెలియక అన్నావు. తెలిసి నవ్వినవాళ్ల సంగతే నేను చూస్తున్నది.”

“ఆ రోజు పాపని ఎత్తుకున్నావిడ... ఆ పాప ఏదండీ?”

చెప్పాను. పార చప్పుడు సంగతి కూడా చెప్పాను, దాచలేదు. వెళ్లేముందు, ఆ మూడు పనులూ ఇంకా ఖాయం కాలేదని, మెంబర్లందరూ కూర్చుని తీర్మానం చేయాలని, ఆ మీటింగుకి ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చని చెప్పాడు. “మీరు మాట్లాడండి” అన్నాడు. “నాకెందుకు? గుంట మా తోడికోడలిది. అదే మాట్లాడుతుంది” అన్నాను.

మాట అనేశాను గానీ, దాన్ని ఒప్పించడానికి తల ప్రాణం తోకకొచ్చింది.

“నాను మల్లీ నోరిప్పితే మల్లీ నవ్వుతారప్పా.”

“నవ్వనీ. నీ గుంట కావాలా, వాళ్ల నవ్వు కావాలా?”

రెండు రోజులు ఆలోచించి తనే ఓ ఉపాయం చెప్పింది. “గుంట అనను. పిల్లలు అంటాను. పుస్తకంలో ఉన్నట్టు మాటాడతాను. అప్పుడెవుడూ నవ్వడు.” ఎలా మాట్లాడాలో నన్ను అడిగి, పొట్టు తీస్తూ మనసులో వల్లెవేసుకుంది.

మీటింగు కొత్త పంచాయతీ హాల్లో. బల్ల చుట్టూ మెంబర్లు, మధ్యలో మా బావ, పక్కన సెక్రటరీ. గోడ వెంట బెంచీల మీద మేమూ, ఇంకొందరూ. మావ కూడా వచ్చి కూర్చున్నాడు, తన దారి ఖాయమవడం కళ్లతో చూడాలని. కిటికీల దగ్గర జనం. మా తోడికోడలు లేచి చేతులు కట్టుకుంది.

“సర్పంచి గారికి, సభ్యులందరికీ నమస్కారం. మా పిల్లలు ప్రతిదినమూ రహదారి పక్కన కూర్చొనుచున్నారు...”

కిటికీ దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. “ఓలమ్మ! టీవీలో వార్తలు సదువుతున్నట్టుందిరా” అన్నాడొకడు. బల్ల చుట్టూ కూడా పెదవులు బిగబట్టడం కనిపించింది. అది మాట మధ్యలో ఆపేసింది. కూర్చుండిపోతుందనుకుని నేను సగం లేచాను.

అది కూర్చోలేదు. కట్టుకున్న చేతులు విప్పింది.

“ఏల నవ్వుతన్నారు? గుంటలంటే ఆ బాబుకి తెల్దు. పిల్లలంటే మీకు నవ్వొత్తంది. మరి ఏ బాసలో సెప్పమంటారు బాబూ? సెప్పండి, ఆ బాసే నేర్సుకునొత్తాను.”

కిటికీ దగ్గర మొహాలు ఒక్కొక్కటే పక్కకి తప్పుకున్నాయి.

“నా గుంట ఇప్పుడు నా కాడ నేదు. పార సప్పుడింటే అడిలిపోతంది, అందుకు మా అమ్మ కాడ ఇడిసేసినాను. నానొచ్చినాక రెండు రోజులు అన్నం ముట్టనేదంట. మిగిలిన గుంటలు రోడ్డు మీదే ఉన్నారు. ఆ పాత గది తాళం తీసీండి. ఇంకేటీ అడగను.”

మా బావ గొంతు సవరించుకున్నాడు. ఆయన అంత నెమ్మదిగా మాట్లాడగా నేనెప్పుడూ చూడలేదు. “నువ్వడిగింది న్యాయమే తల్లీ. కాదన్ను. కానీ మూడే సెయ్యగలం. కాలవ సెయ్యకపోతే ఊరు మునుగుతాది. లైట్లు లేకపోతే పాములు. శ్మశానం దారి సంగతి అందరికీ తెలుసు. ఇందులో ఏది తీసీమంటావో నువ్వే సెప్పు.”

అది అన్యాయమైన ప్రశ్న కాదు. ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లకి ఆ ప్రశ్న తప్పదు. కానీ మా తోడికోడలు ఏం చెప్పగలదు? మావ వైపు చూసి వెంటనే తల దించుకుంది. తన గుంట కోసం ఇంకొకరి భార్యని మోసుకెళ్లిన బురదని అలాగే ఉంచమని అడగడం దానికి చేతకాలేదు.

మావే లేచాడు. కర్ర ఆనించుకుని, కాస్త సమయం తీసుకుని లేచాడు.

“నాది తీసీండి,” అన్నాడు.

“మావా, అలగ కాదు...” అన్నాడు మా బావ.

“ఉండరా. సచ్చినోళ్లకి తొందరేటుంది? పై యేడు దాకా ఆగుతారు. గుంటలు ఆగరు. పెరిగిపోతారు.”

అని కూర్చుని, తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఆయనకి ఎనభై దగ్గర పడుతోంది. పై యేడు అన్నప్పుడు ఆయనకి తన పాడె కూడా కళ్లముందు మెదిలే ఉంటుంది. నాకు ఏడుపు ఆగలేదు. మా తోడికోడలు వెళ్లి ఆయన కాళ్ల దగ్గర కూర్చుంది. ఆయన దాని తల మీద చెయ్యి వేసి తీసేశాడు. మా బావ బల్ల మీది గ్లాసులో నీళ్లు మొత్తం తాగి, “రాయండి” అన్నాడు.

“గుంటల గది అని రాయమంటారా?” అని సెక్రటరీ మెల్లగా అడిగాడు. ఎవరూ నవ్వలేదు.

గది బాగవడానికి టైము పట్టింది. పందిరి కర్రలు ఎక్కడ పెట్టాలో తేలక కొన్ని రోజులు, ఆయా ఎవరన్నదాని మీద మెంబర్ల మధ్య పేచీ కొన్ని రోజులు. చివరికి పైకప్పు వేశారు, సున్నం కొట్టారు. తొలకరి పడిన వారంలో ఒక ఆదివారం నేనూ మా తోడికోడలూ గుంటని తీసుకురావడానికి బయల్దేరాం. సోంపేటలో బస్సు దిగి, ఆటో ఎక్కి, కొబ్బరి తోటల మధ్య నుంచి సముద్రం ఒడ్డుకి. గుంట తనని చూసి పరిగెత్తుకొస్తుందా రాదా అని మా తోడికోడలి భయం. నాకూ అదే భయం, పైకి అనలేదు.

రాలేదు. అమ్మమ్మ చీర కుచ్చెళ్ల వెనక నిలబడింది. నల్లబడింది, జుట్టు నున్నగా దువ్వి ఉంది, కాళ్లకి ఇసక. అమ్మమ్మకి పంపాలని లేదు. “ఇక్కడ బాగానే ఉంది గదా, మల్లీ ఏల తిప్పుతారు” అంటోంది. మా తోడికోడలు నేల మీద కూర్చుని చేతులు చాపింది. గుంట కదల్లేదు.

“నువ్వు పన్లోకెల్తే నానెక్కడుండాలి?” అని అడిగింది.

“గదుందమ్మా. నీకూ, మిగతా గుంటలకీ.”

“నువ్వో?”

“గోడకి అటేపు నానుంతాను. ఇటేపు నువ్వుంతావు. పిలిత్తే ఇనబడతాది.”

గుంట ఆలోచించింది. అమ్మమ్మ కుచ్చెళ్లు వదిలి, మమ్మల్ని దాటి గుమ్మంలోంచి బయటికి వెళ్లిపోయింది. అలిగి వెళ్లిందనుకుని నేను లేవబోయాను. అంతలో మేం ఆనుకుని కూర్చున్న గోడకి అటువైపు నుంచి, వానకి తడిసిన మట్టిగోడ అవతల నుంచి, చిన్నగా గొంతు వచ్చింది.

“అమ్మా.”

మా తోడికోడలు చెయ్యి గోడ మీద పెట్టింది.

“అమ్మా, ఇనబడిందా?”

“ఇనబడిందమ్మా,” అంది.